కాల్ సైన్ దొరికింది... ఊరేదీ?

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఏం చేస్తాం? ఎత్తకముందే ట్రూకాలర్‌లో పేరు చూసేస్తాం. హామ్ రేడియో వాళ్లకీ అలాంటిదే ఒకటుంది. రేడియోలో ఎవరిదైనా కాల్ సైన్ వినపడగానే దాన్ని ఆన్‌లైన్‌లో కొట్టి చూస్తారు. పేరు, ఊరు, ఫొటో వచ్చేస్తాయి. అందరికీ బాగా తెలిసిన సైటు క్యూఆర్‌జడ్ డాట్ కామ్.

అయితే మనవాళ్ల విషయంలో ఓ చిక్కుంది. బండి నంబరు చూస్తే ఏ రాష్ట్రమో తెలుస్తుంది. కాల్ సైన్ చూస్తే తెలీదు. వీయూ2 అంటే జనరల్ గ్రేడు లైసెన్సు, వీయూ3 అంటే రిస్ట్రిక్టెడ్ గ్రేడు, అంతే. అండమాన్‌కు వీయూ4, లక్షద్వీప్‌కు వీయూ7 ఉన్నాయి గానీ, మిగతా దేశమంతా ఒకే గంప. జమ్మలమడుగు మనిషైనా జమ్మూ మనిషైనా ఒకటే. ఊరు తెలియాలంటే ఆ లుకప్ పేజీయే దిక్కు.

మరి ఆ పేజీ నింపేదెవరు? అమెరికాలో లైసెన్సులిచ్చే ఎఫ్‌సీసీ తన జాబితాను బయటపెడుతుంది, సైట్లు దాన్నే తీసుకుంటాయి. మన దగ్గర చాలావరకు ఎవరి పేజీ వాళ్లే నింపుకోవాలి. ఇక్కడ 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయొచ్చు. లైసెన్సు ఏళ్ల తరబడి నడుస్తుంది. ప్రొద్దుటూరులో స్కూల్లో ఉన్నప్పుడు లైసెన్సు తెచ్చుకున్న పిల్లాడు చదువుకో ఊరు, ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోవచ్చు. పేజీలో మాత్రం ఇంకా ప్రొద్దుటూరులోనే ఉంటాడు.

మామూలు రోజుల్లో దీనివల్ల పెద్ద నష్టం లేదు. కానీ 2021 నవంబరు 19 గుర్తుందా? చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ ఊళ్లు కొట్టుకుపోయాయి. అలాంటి రోజు కరెంటు పోయి సెల్ టవర్లు ఆగితే, అక్కడి కబురు చెప్పడానికి అక్కడుండే మనిషే కావాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ఫోన్లు మూగబోయిన చోట వాళ్ల రేడియోలే కబుర్లు మోశాయి. ఎగువన మైలవరం, గండికోట జలాశయాలున్న జమ్మలమడుగులో సెట్టున్న మనిషి ఎవరో వెతికితే, బెంగళూరులో ఉన్నాయన పేరు వస్తే ఏం లాభం?

అందుకే లుకప్‌లో మూడు మార్పులు రావాలి.

ఒకటి, గ్రిడ్ లొకేటర్ తప్పనిసరి కావాలి. హామ్‌లు ప్రపంచ పటాన్ని గళ్లుగా విడగొట్టుకున్నారు. మన గడి ఎంకే94. అయితే అది మరీ పెద్దది, తూర్పు పడమరలే సుమారు 215 కిలోమీటర్లు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, కడప అన్నీ అందులోనే. దానికి ఇంకో రెండక్షరాలు కలిపి ఎంకే94ఈయూ అంటే జమ్మలమడుగు. ఈ చిన్న గడి దాదాపు 9 కిలోమీటర్ల పొడవు, నాలుగున్నర వెడల్పు.

రెండు, ఇంటి అడ్రసు కనపడకూడదు. పోస్టులో క్యూఎస్‌ఎల్ కార్డులు పంపుకోవడానికి అడ్రసు పెట్టడం పాత అలవాటు. కొత్తగా లైసెన్సు తీసుకున్న అమ్మాయి తన డోర్ నంబరును ప్రపంచం ముందు ఎందుకు పెట్టాలి? మనిషిని వెతకడానికి గడి చాలు.

మూడు, ‘చివరిసారి సరిచూసిన తేదీ’ పేరు పక్కనే ఉండాలి. ఏడాదికోసారి సైటే ‘ఇంకా అక్కడే ఉన్నారా?’ అని అడగాలి. జవాబు రాకపోతే ఆ పేజీ మీద పాతది అని గుర్తు పెట్టాలి. ఏమీ తెలియకపోవడం కన్నా తప్పు తెలిసుండటమే ఎక్కువ ప్రమాదం.

సైట్లు మారేలోగా మీ చేతిలో ఉన్నది మీరు చేయొచ్చు. మీకు కాల్ సైన్ ఉంటే ఇవాళే మీ పేజీ తెరవండి. డోర్ నంబరు తీసేసి, ఆరక్షరాల గడి పెట్టి, కింద తేదీ రాయండి. ఐదు నిమిషాల పని. వాన ముదిరాక ఆ ఐదు నిమిషాలు దొరకవు.