మారమని చెప్పే ముందు బాకీ కట్టాలి: ఎంఎస్ఎంఈల మీద మనం రాసే ఆన్సర్‌లో లోపం



"మారుతున్న మార్కెట్ పరిస్థితుల్లో చిన్న పరిశ్రమలు ఎదగాలంటే ఏం చేయాలి?" జీఎస్-3లో ఈ ప్రశ్న వస్తే మనం ఏం రాస్తామో చెప్పనా? కోడక్ మారలేదు, దెబ్బతింది. నోకియా మారలేదు, దెబ్బతింది. కాబట్టి మన ఎంఎస్ఎంఈలు మారాలి. తర్వాత నాలుగు పాయింట్లు: డిజిటలైజేషన్, ఇన్నోవేషన్, స్కిల్లింగ్, నాయకత్వం. చివర్లో ముద్ర లోన్, ఆశావహమైన ఒక వాక్యం. నా పాత నోట్స్‌లో ఈ ఆన్సర్ అచ్చంగా ఇలాగే ఉంది.

ఇప్పుడు ఆ ఆన్సర్ తప్పంటున్నాను. మారాలన్న సంగతి చిన్న వ్యాపారికి మనకంటే ముందే తెలుసు. అతనికి లేనిది, మారేదాకా నిలబడటానికి కావాల్సిన డబ్బు. ఆ డబ్బులో చాలా భాగం అతను సంపాదించుకున్నదే. అది సరుకు కొన్నవాడి ఖాతాలో ఉండిపోయింది.

మూడేళ్లు కోల్‌కతాలో ఉద్యోగం చేశాను కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తాను.

సులేఖ, కేసీ దాస్: మనం సగమే చదివే కథలు

జాదవ్‌పూర్‌లో 'సులేఖ మోడ్' అనే కూడలి ఉంది. సులేఖ ఒక ఇంకు కంపెనీ పేరు. స్వదేశీ ఇంకు కావాలన్న గాంధీజీ పిలుపుతో 1934లో మైత్ర సోదరులు రాజ్‌షాహీలో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, దీన్ని మొదలుపెట్టారు. మన రాజమండ్రి రత్నం పెన్నుల కథ తెలిసినవాళ్లకు ఇది దాని తోబుట్టువులా అనిపిస్తుంది. బాల్ పెన్ వచ్చి ఇంకు సీసా అవసరం తగ్గింది. 1980ల చివర్లో సులేఖ మూతపడింది. 2006లో మళ్లీ తెరుచుకుంది. సోలార్ వస్తువుల్లాంటి కొత్త దారులు పట్టింది. 2020లో స్వరాజ్, స్వదేశ్, స్వాధీన్ అనే పేర్లతో ఫౌంటెన్ పెన్ ఇంకులు తెచ్చింది.

దీన్ని మనం 'రెసిలియన్స్' అని రాసుకుంటాం. కానీ మధ్యలో ఉన్న ఆ పదిహేడేళ్ల సంగతి ఏమిటి? అన్నేళ్లు తలుపులు మూసి మళ్లీ తెరవాలంటే జనం మర్చిపోని పేరుండాలి. కూడలికే తన పేరున్న కంపెనీకి అది సాధ్యమైంది. హౌరాలో మూడు లేత్ మెషిన్ల షాపు పదిహేడు వారాలు కూడా ఆగలేదు.

రెండోది కేసీ దాస్. రసగుల్లా రెండు రోజుల్లో పాడవుతుంది కాబట్టి 1930లోనే దాన్ని డబ్బాలో పెట్టి అమ్మిన సంస్థ. 1965లో పాల కొరత పేరుతో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఛెనా మిఠాయిల తయారీ మీదే ఆంక్షలు పెట్టింది. ఇక్కడ మార్కెట్‌ని మార్చింది పోటీదారుడో టెక్నాలజీయో కాదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు. 1972లో కేసీ దాస్ బెంగళూరులో దుకాణం తెరిచింది. వేరే రాష్ట్రానికి వెళ్లి నిలదొక్కుకునే స్తోమత ఆ సంస్థకు ఉంది. సందు చివర నాలుగు పళ్లేలతో మిఠాయి అమ్ముకునేవాడు ఎక్కడికి వెళ్తాడు?

రెండు సంస్థలూ తెలివైనవే, కాదనను. కానీ ఆ తెలివి ఫలించేదాకా ఆగగలిగే శక్తి కూడా వాటికి ఉంది.

నేను రాసిన ఒక ఎంట్రీ

మెకానికల్ ఇంజినీరింగ్ అయ్యాక కోల్‌కతాలో ఒక కంపెనీ పర్చేజ్ విభాగంలో చేరాను. హౌరాలో బెలిలియస్ రోడ్ చుట్టుపక్కల లేత్ షాపులు వరసగా ఉంటాయి. వాటిలో ఒకదాని యజమాని మాకు బుష్‌లు, షాఫ్ట్‌లు చేసి ఇచ్చేవాడు. యాభై దాటిన మనిషి. నేను దాదా అనేవాణ్ని, ఆయన నన్ను ఇంజినీర్ బాబూ అనేవాడు.

మా డ్రాయింగుల్లో టాలరెన్స్ బిగుసుకుంటూ వచ్చింది. పాత లేత్ మీద అది రాదని నాకంటే ముందు ఆయనే చెప్పాడు. సెకండ్ హ్యాండ్ సీఎన్‌సీ ఒకటి చూసి పెట్టుకున్నాడు. బ్యాంకు లోన్‌కి ఒప్పుకుంది, మార్జిన్ మనీ రెండు లక్షలు కట్టమంది. మా దగ్గర ఆయనకు రావాల్సింది నాలుగు లక్షల పైచిలుకు. మూడు బిల్లులు, అందులో పాతది ఐదు నెలలది. ప్రతి సోమవారం ఫోన్ చేసేవాడు. "వచ్చే వారం దాదా" అనడం నా డ్యూటీ. పైవాళ్లు అనమన్నారు, నేను అన్నాను.

గోరుచుట్టు మీద రోకటిపోటు ఏమిటంటే, మేం పైసా ఇవ్వకపోయినా ఆ బిల్లుల మీద జీఎస్టీ ఆయన మర్నెలే కట్టాడు. ఆ పన్నుకు క్రెడిట్ మేం తీసుకున్నాం.

ఆ మెషిన్ వేరేవాళ్లు కొనుక్కుపోయారు. మా ఆర్డర్ వేరే రాష్ట్రంలోని సప్లయర్‌కి వెళ్లింది. సంవత్సరాంతం వెండర్ రేటింగ్ షీట్‌లో ఆయన పేరు ఎదురుగా "టెక్నాలజీ అప్‌గ్రేడ్ చేసుకోలేదు" అని టైప్ చేసింది నేనే.

మనం జీఎస్-3లో రాస్తున్నది కూడా అదే ఎంట్రీ. కాస్త మంచి భాషలో రాస్తున్నాం, అంతే.

చట్టం ఉంది కదా?

ఉంది. ఎంఎస్ఎంఈడీ యాక్ట్, 2006లోని సెక్షన్ 15 ప్రకారం ఎంత ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో చెల్లించాలి. ఆలస్యమైతే సెక్షన్ 16 కింద బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలి. 2017 నుంచి సమాధాన్ పోర్టల్. 2023 ఫైనాన్స్ యాక్ట్ తెచ్చిన 43బి(హెచ్) ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా కట్టకపోతే, కట్టిన సంవత్సరం దాకా కొనుగోలుదారుకు ఆ ఖర్చు మీద పన్ను మినహాయింపు రాదు. ట్రెడ్స్‌లో రిజిస్టర్ కావాల్సిన టర్నోవర్ పరిమితిని 2024 నవంబరులో 500 కోట్ల నుంచి 250 కోట్లకు తగ్గించారు.

ఇదంతా మనకు కంఠతా వచ్చు. మరి దాదా ఎందుకు కేసు వేయలేదు? అడిగాను. "వేస్తే వడ్డీ వస్తుంది బాబూ, ఆర్డర్ రాదు" అన్నాడు. మొత్తం చట్టం ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఫిర్యాదు చేయాల్సినవాడు ఎవరి మీద బతుకుతున్నాడో వాళ్ల మీదే ఫిర్యాదు చేయాలి. ట్రెడ్స్‌లోనూ కొనుగోలుదారు ఇన్వాయిస్‌ను ఒప్పుకుంటేనే ఫైనాన్సర్ డబ్బిస్తాడు. రిజిస్టర్ అయి, ఇన్వాయిస్‌ను ఒప్పుకోకుండా కూర్చుంటే?

మీరు అడగబోయేది

"అసమర్థంగా నడిపే వ్యాపారాలు లేవా?" ఉన్నాయి. సమయానికి డబ్బు వచ్చినా కొన్ని మునుగుతాయి, మునగాలి కూడా. మారడానికి అవకాశం ఉండీ మారనివాణ్ని మార్కెట్ పక్కన పెడితే నాకు అభ్యంతరం లేదు. కానీ పరుగెత్తేవాడి కాలు పట్టుకుని, ఓడిపోయాక వాడికి పరుగు రాదనడం న్యాయం కాదు.

"కొనుగోలుదారుకీ నగదు కష్టాలుంటాయి కదా?" ఉంటాయి. అతను బ్యాంకుకు వెళ్లి వడ్డీ కట్టి తెచ్చుకోవాలి. అప్పివ్వగల శక్తి అందరికంటే తక్కువ ఉన్నవాడి దగ్గర, అడగకుండా, వడ్డీ లేకుండా తీసుకోకూడదు.

మరి ఏం రాయాలి?

'వే ఫార్వర్డ్'లో నేను ఇకపై రాసేది ఇది. ఎవరు ఎవరికి ఏ తేదీన ఎంత బిల్లు ఇచ్చారో జీఎస్టీ నెట్‌వర్క్‌కి తెలుసు. 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే కొనుగోలుదారు తీసుకున్న క్రెడిట్ వెనక్కి ఇవ్వాలని జీఎస్టీ చట్టంలోనే ఉంది. ఉద్యమ్‌లో నమోదైన సరఫరాదారు విషయంలో ఆ 180ని 45కి తగ్గించాలి. చెల్లించిన తేదీని కొనుగోలుదారే రిటర్న్‌లో చూపాలి. చూపకపోతే నోటీసు ప్రభుత్వం నుంచి వెళ్లాలి. అప్పుడు దాదా ఎవరి మీదా ఫిర్యాదు చేయనక్కర్లేదు, ఆర్డర్ పోతుందని భయపడనక్కర్లేదు.

స్కిల్లింగ్, డిజిటలైజేషన్ కూడా రాయండి. కానీ వాటికంటే ముందు ఇది రాయండి. ఆలస్యం అమృతం విషం అన్నారు. ఐదు నెలలు ఆలస్యంగా వచ్చిన నాలుగు లక్షలతో ఆ సీఎన్‌సీ కొనలేం.

రేపు మనలో కొందరు జిల్లాల్లో పరిశ్రమల ఫైళ్లు చూస్తారు. "అప్‌గ్రేడ్ చేసుకోలేదు" అనే ఎంట్రీ మీ టేబుల్ మీదకు కూడా వస్తుంది. సంతకం పెట్టే ముందు ఒక్క ప్రశ్న వేయండి: ఇతనికి రావాల్సింది ఎవరి దగ్గర ఉంది?

ప్రాక్టీస్ ప్రశ్న (250 పదాలు): "చిన్న సంస్థల సమస్య రుణ లభ్యత కంటే చెల్లింపుల జాప్యం." విమర్శనాత్మకంగా చర్చించండి.