1/70 అంటే జనవరి కాదు

పోస్టు కొంచెం పెద్దగున్నది, ఓపికతోని చదవండి. రాసింది ఒక్కరు కాదు. బంట్వారం చుట్టుపక్కల తండాల నుంచి వచ్చి ఒకే హాస్టల్లో ఉంటున్న ఐదుగురం కూసొని రాసినం. మాలో ఎవరింట్ల కూడా మాకంటే ముందు కాలేజీ మెట్టెక్కినోళ్లు లేరు. తప్పులుంటే పెద్దలు సరిదిద్దాలె.

మొన్న ఫస్టియర్ తమ్ముళ్ల కోసం మన చట్టాలన్నీ ఒక పట్టిక చేద్దామని ఎక్సెల్‌లో కూసున్నం. మొదటి గడిలో 1/70 అని కొట్టినం. షెడ్యూల్డ్ ఏరియా భూములు గిరిజనేతరుల చేతికి పోకుండ 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషన్. మన సంఘాల మీటింగుల్ల దాని పేరు వినపడని రోజుండదు. ఎంటర్ కొట్టంగనే ఆ గడి 1970 జనవరి అయింది. అందరం నవ్వినం. "మన చట్టాన్ని క్యాలెండర్ చేసింది గదా" అన్నడు ఒకడు.

ఆ తర్వాత మాలో ఒకడు వాళ్లింటి సర్వే నంబర్ 11/4 కొట్టిండు. అది ఏప్రిల్ 11 అయింది. కంప్యూటర్ అమెరికా పద్ధతిల ఉంటే నవంబర్ 4 అయ్యేది. దాన్ని మళ్లీ మామూలు నంబర్ చేద్దామని చూస్తే 2025 సంవత్సరానికి 45758 అని వచ్చింది. 1900 జనవరి 1 నుంచి ఆ తేదీ దాకా లెక్కేసిన రోజులవి. అసలు నంబర్ మాయం. అప్పుడు ఎవరం నవ్వలే. ఎందుకంటే తాత దున్నిన భూమి ఆ గీతకు ఇటు పదకొండు, అటు నాలుగు అంకెల మధ్యనే ఉన్నది.

మేము చెప్పదలుచుకున్నది ఇదే. చుక్క, కామా, అడ్డగీత, బ్రాకెట్, వరుస నంబర్: ఇవి చదువుకున్నోళ్ల ముచ్చట, ఆఫీసుల గుమాస్తా పని అని మనం అనుకుంటున్నం. కాదు. మన హక్కులు, మన భూములు, చివరికి మన కులం పేరు కూడా వీటి మీదనే నిలబడి ఉన్నయి. వీటిని రాసుడు, కాపాడుకునుడు మన పోరగాళ్లు నేర్వాలె.

ముందుగా జాబితా సంగతి. ఆర్టికల్ 342 ప్రకారం ఎవరు ఎస్టీ అన్నది రాష్ట్రాల వారీగా ఒక జాబితాలో ఉంటది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దానికి మూలం, పార్లమెంటు చట్టం చేస్తేనే అది మారుతది. ఆ జాబితా చూస్తే అది జాబితా లోపల జాబితా. ఒక నంబర్ కింద "గోండు, నాయకపోడు, రాజ్‌గోండు, కోయితూర్". ఇంకో నంబర్ కింద "సుగాలి, లంబాడి, బంజారా". పెద్ద నంబర్ తల్లి అనుకుంటే కామాల మధ్య ఉన్న పేర్లు పిల్లలు. కొన్నింటికి బ్రాకెట్లు కూడా ఉన్నయి, ఫలానా ప్రాంతంలో మాత్రమే అని. బ్రాకెట్ లోపల ఉన్న ఊరికీ బయట ఉన్న ఊరికీ మధ్య ఒక తరం చదువంత తేడా ఉంటది.

2000 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం మిలింద్ కేసులో తీర్పు చెప్పింది. మహారాష్ట్రలో జాబితాలో ఉన్నది "హల్బా, హల్బీ". "హల్బా కోష్టి" కూడా అండ్లకే వస్తదని ఒక మెడికల్ విద్యార్థి వాదించిండు. జాబితాను ఉన్నది ఉన్నట్టే చదవాలె, దానికి ఒక మాట కలపడానికి కోర్టుకు కూడా అధికారం లేదు అన్నరు. అట్లనే అదే రాష్ట్రంలో జాబితాలో "ధన్‌గడ్" అని ఉన్నది అచ్చు తప్పు, అది "ధన్‌గర్" అని కొందరు కోర్టుకు పోయిన్రు. 2024 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు ఒప్పుకోలే. ఎవరిది న్యాయం అని మేమిక్కడ పంచాయతీ చెప్తలేం. ఒక్క అక్షరం మీద ఎంత బరువుంటదో చూడమంటున్నం. 2023లో పార్లమెంటు ఛత్తీస్‌గఢ్ జాబితాలో భరియా భూమియా తెగకు భుయ్యాన్, భుయాన్ లాంటి పలుకుబడులను ప్రత్యేకంగా చేర్చింది. స్పెల్లింగ్ సరిచేయడానికి దేశ పార్లమెంటు కూసోవాల్సి వచ్చింది.

మనకు దూరం పోవుడు కూడా అవసరం లేదు. తాండూరు దాటితే కర్ణాటక. చించోలి, సేడం దిక్కు ఉన్న మన చుట్టాలు అదే గోరు మాట్లాడుతరు, అదే పండుగలు చేస్తరు, కానీ అక్కడ లంబాణీలు ఎస్సీ జాబితాలో ఉన్నరు. మనిషి ఒక్కడే, జాబితా వేరు.

ఇక భూమి సంగతి. మన సర్వే నంబర్లు చూడండి. 145 ఒక పెద్ద ముక్క. అన్నదమ్ములు పంచుకుంటే 145/అ, 145/ఆ. వాళ్ల కొడుకులు పంచుకుంటే 145/అ/1, 145/అ/2. ఇది కూడా జాబితా లోపల జాబితానే, మూడు తరాల కుటుంబ చరిత్ర అండ్ల ఉన్నది. 2020 అక్టోబర్‌లో ధరణి వచ్చినంక ఇవన్నీ కంప్యూటర్లకు ఎక్కినయి, 2025 ఏప్రిల్ నుంచి భూభారతి నడుస్తున్నది. కాగితం మీద పట్వారీ అ రాసిండా, ఆ రాసిండా అన్నది కండ్లద్దాలు పెట్టుకొని చూస్తే తెలిసేది. ఇప్పుడు ఇంగ్లీషులో కొట్టేటప్పుడు అ అంటే ఒక ఏ, ఆ అంటే రెండు ఏలు. ఒకటి తక్కువ పడితే తమ్ముడి చెక్క అన్న పేరు మీదకు పోతది.

మాలో ఒకరి బాపుకు ఇట్లనే అయింది. ఒక ఆన్‌లైన్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టిచ్చినప్పుడు గీత తర్వాత అక్షరం కొట్టలే. "స్పెషల్ క్యారెక్టర్లు తీసుకుంటలేదు" అన్నడంట కొట్టినాయన. బాపు సంతకం పెట్టి వచ్చిండు, ఆయనకు ఏం తెలుస్తది. తర్వాత దాన్ని సరిచేయించుకోవడానికి ఎన్నిసార్లు పత్తి చేను ఇడిచిపెట్టి బస్సెక్కిండో యాడి లెక్కపెట్టి చెప్తది.

"స్పెషల్ క్యారెక్టర్" అన్న మాట మీద మాకు ఒక అభ్యంతరం ఉన్నది. ఎవరికి స్పెషల్? మొదట్ల కంప్యూటర్ అక్షరాల పట్టిక, ఆస్కీ అంటరు, 128 గుర్తులది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు, అంతే. మిగతా ప్రపంచం అంతా స్పెషల్ అయింది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. గుంజాల గోండి లిపి 2018లో చేరింది. ఆ లిపిలో చదువుకునే గోండు పిల్లకు అది స్పెషల్ కాదు, పలక మీద దిద్దిన అక్షరం. ఐర్లండ్ వాళ్ల పేర్లల్ల ఓ తర్వాత పైన ఒక కామా ఉంటది, ఎన్నో ఫారాలు దాన్ని కూడా తీసుకోవు. అంటే తప్పు పేరుది కాదు, ఫారం తయారు చేసినోనిది.

చోటు దొరికినా కష్టం తీరలే. రాజ్‌గోండు అన్న మాటలో జ్ కు గో కు మధ్య కనపడని అక్షరం ఒకటున్నది. అది లేకపోతే రెండూ అతుక్కొని వేరే తీరుగ పడతయి. కంటికి దాదాపు ఒకటే మాట, కంప్యూటర్‌కు రెండు వేర్వేరు మాటలు. వెతికితే దొరకకపోవచ్చు. 2018 ఫిబ్రవరిలో తెలుగు "జ్ఞా" ఒకటి, అదే కనపడని అక్షరంతో కలిసి వస్తే, ఐఫోన్లల్ల యాప్‌లు కుప్పకూలినయి. ఆపిల్ కంపెనీ అదే నెలలో సరిచేసి కొత్త వెర్షన్ పంపింది. జ్ఞానం అన్న మాటలోని అక్షరాన్ని అంత పెద్ద ఫోన్ మోయలేకపోయింది అని మేము ఇప్పటికీ నవ్వుకుంటం.

మరి ఏం చేయాలె? ప్రతి గుర్తుకు రెండు బతుకులుంటయి. ఒకటి అక్షరంగా, రెండోది ఆజ్ఞగా. ఎక్సెల్‌కు అడ్డగీత అంటే తేదీ అని ఆజ్ఞ. "నేను ఆజ్ఞ ఇస్తలేను, అక్షరమే రాస్తున్న" అని చెప్పే పద్ధతిని ఎస్కేప్ అంటరు. అంటే తప్పించుడు. ఎక్సెల్‌లో గడి మొదట్ల ఒక పైకామా ' పెట్టి 11/4 కొడితే అది 11/4 గానే ఉంటది. చాలా చోట్ల వాడే మార్క్‌డౌన్ పద్ధతి, 2004లో వచ్చింది, అండ్ల నక్షత్రాల మధ్య మాట వాలిపోతది. హాస్టల్ రూమ్ కొలత 10*12*9 అని రాస్తే నక్షత్రాలు మాయమై 10129 అని కనపడుతది. నక్షత్రం ముందు వెనక్కి వాలిన గీత పెట్టి 10\*12\*9 అని రాయాలె. వెబ్ పేజీ రాసేటోళ్లకు < అన్నది ఆజ్ఞ మొదలు, అందుకే దాన్ని ఆంపర్సండ్, ఎల్, టి, సెమీకోలన్ కలిపి రాస్తరు. ఈ వెనక గీతను ఆస్కీలో పెట్టించింది బాబ్ బెమర్ అనే ఇంజనీరు, కీబోర్డు మూలకున్న ఎస్కేప్ కూడా ఆయన ఆలోచనే. ప్రపంచంలోనే పెద్ద శాస్త్రవేత్తలు కూడా ఎక్సెల్‌తో ఓడిపోయిన్రు. మనిషి జన్యువుల పేర్లు కొన్ని మార్చి, సెప్టెంబర్ నెలల తీరుగ ఉన్నయని అది తేదీలు చేస్తుంటే, 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చిన్రు. వాళ్లు పేర్లు మార్చుకోగలరు. మనం సర్వే నంబర్ మార్చుకోలేం.

వరుస నంబర్ల సంగతి కూడా మా అనుభవంతోనే చెప్తం. పోయినేడు మా సమస్యల మీద ఒక వినతిపత్రం రాసినం. పెద్ద డిమాండ్లు నాలుగు, రెండో దాని కింద మూడు చిన్నవి. ఫోన్‌లో రాసి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసేసరికి లోపలికి జరిపి రాసినవన్నీ ఎడమ అంచుకు వచ్చినయి. నాలుగు కాస్తా ఏడు అయినయి. "ఏడులో మూడు పరిష్కరించాం" అని జవాబు వచ్చింది. ఆ మూడూ నీళ్ల ట్యాంకు కింద ఉన్న చిన్న పనులు. ట్యాంకు మాత్రం రాలే. అబద్ధం అనలేం, మా కాగితమే అట్లున్నది.

అందుకే మేము పెట్టుకున్న నియమాలు ఇవి. మీరూ వాడి చూడండి.

1. లోపలి జాబితాకు ఖాళీ జాగను నమ్మొద్దు. ఖాళీ జాగ ప్రయాణంలో రాలిపోతది.
2. నంబర్‌లోనే పూర్తి దారి రాయాలె.
2.1. అంటే 2 కింద 2.1, 2.2 అని. 145/అ/1 ఎక్కడ రాసినా దాని తల్లి ఎవరో తెలుస్తది గదా, అట్ల.
2.2. చట్టం చెప్పేటప్పుడు కూడా పూర్తిగా. అటవీ హక్కుల చట్టం 2006లో సామూహిక అటవీ వనరుల హక్కు 3(1)(ఐ). ఆ ఐ ఇంగ్లీషు తొమ్మిదో అక్షరం, రోమన్ ఒకటి కాదు. ఒకటి అనుకుంటే వేరే హక్కు అడిగినట్టయితది.
3. సంతకం పెట్టే ముందు స్క్రీన్ మీద కాదు, ప్రింట్ తీసి పాస్‌బుక్‌తో అక్షరం అక్షరం పోల్చాలె.
4. "ఈ గుర్తు తీసుకుంటలేదు" అంటే ఆ ముక్క కాగితం మీద రాసి ఇవ్వమనాలె.

కొందరు అన్నలు అంటరు, "ఉద్యమానికి విషయం ముఖ్యం, చుక్కలు కామాలు కాదు" అని. విషయం ముఖ్యమే, కాదనం. కానీ మనకు అన్యాయం జరిగినప్పుడు అవతలోళ్లు విషయం మీద కొట్లాడరు, కాగితం మీద కొట్లాడుతరు. ఇంకొకరు అంటరు, "కంప్యూటర్లను వాళ్లు సరిచేయాలె, మనమెందుకు వంగాలె" అని. అది కూడా నిజమే. మన అక్షరాలు తీసుకోని ఫారం తప్పు ఫారం, దాన్ని మార్చమని అడగాల్సిందే. అయితే అది మారేదాకా బాపు బస్సెక్కుతనే ఉంటడు. రెండు పనులూ ఒకేసారి చేయాలె.

2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు పంచాయతీలైనయి. తీర్మానాలు, గ్రామసభ కాగితాలు ఇప్పుడు మన చేతిల్నే ఉన్నయి. రాసేటోడు మనోడే కావాలె, సరిగ్గ రాసేటోడు కావాలె. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక్క పని చేయండి. ఇంట్ల ట్రంకు పెట్టె తెరిచి పాత పహాణీ, కొత్త పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి, గీత తర్వాత ఏముందో యాడికి, బాపుకు చదివి వినిపించండి. తేడా కనపడితే ఇక్కడ రాయండి, నంబర్లు బయటపెట్టకుండ. కలిసి చూద్దాం.

బంట్వారం దిక్కు తండాల విద్యార్థులం