వాడిన బండి, వాడని అందం

తెలుగులో "వాడిన" అనే మాటకు రెండర్థాలు ఉన్నాయి. ఉపయోగించినది అని ఒకటి, వడలిపోయినది అని మరొకటి. మాట ఒకటే కావడం వల్ల కాబోలు, మన ఆలోచనలో కూడా ఆ రెండర్థాలు కలిసిపోయాయి. బాగా వాడినదంతా వాడిపోయినదేననీ, వాడిపోయినది నలుగురికీ చూపదగినది కాదనీ మనం తెలియకుండానే తీర్మానించుకున్నాం. ఆ తీర్మానం సరికాదని మనవి చేయడమే ఈ వ్యాసోద్దేశం. అందుకు నేను ఎన్నుకున్న ఉదాహరణ మన కళాశాల ఆవరణకు బహుదూరంలోనిది: స్కాట్లండు కొండదారిలో ఒక పాత స్పోర్ట్స్ కారు, దానికి తీసిన రెండు ఛాయాచిత్రాలు.

విశ్వవిద్యాలయంలో నా సహాధ్యాయి అయిన మిత్రుడొకరు కొన్నేళ్ళుగా ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నారు. ఆయన అక్కడ 1969 నాటి ఎం.జి.బి. కారొకటి కొన్నారు. గడచిన వేసవిలో ఆ కారులోనే ఉత్తరాన స్కాట్లండు దాకా ప్రయాణించి, దారిలో దానికి తీసిన రెండు చిత్రాలు నాకు పంపి, "వీటిలో దేన్ని పటం కట్టించుకోమంటావు?" అని అడిగారు. ఆ రెండింటినీ మా తరగతి విద్యార్థులకు చూపాను. ఒకరిద్దరు తప్ప అందరూ మొదటిదే బాగుందన్నారు. నేను రెండవదాని పక్షం వహించాను. గంట కొట్టేసరికి మా వాదం ముగియలేదు. అక్కడ చెప్పలేకపోయినది ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా ఆ కారును గురించి నాలుగు మాటలు. ఎం.జి. అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ నెలకొల్పిన వ్యాపారం నుండి 1920లలో ఆ పేరు పుట్టింది. నేడు అదే పేరుతో మన రోడ్ల మీద తిరుగుతున్న కార్లు వేరొక యాజమాన్యానివి. ఎం.జి.బి. 1962లో వెలువడి, ఆక్స్‌ఫర్డుకు సమీపంలోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1980 వరకు తయారయింది. దాని రూపాంతరాలన్నీ కలిపి ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఆ సంఖ్యే చెబుతున్నది, అది మహారాజుల వాహనం కాదని. ఉద్యోగం చేసుకుని బ్రతికేవాడు సైతం ఆశపడదగిన స్పోర్ట్స్ కారు అది. ఇద్దరు కూర్చునే చోటు, వెనక్కు మడిచివేసే గుడ్డ టాపు, 1,798 ఘనపు సెంటీమీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజను. ఆ ఇంజను మనకు పరాయిది కాదు. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి "బి సిరీస్" కుటుంబానికి చెందినది. అదే కుటుంబంలోని 1,489 ఘనపు సెంటీమీటర్ల ఇంజను దశాబ్దాల తరబడి మన అంబాసిడర్ కారును నడిపింది. ఇద్దరన్నదమ్ములలో ఒకడు సీమలో షికార్లు తిరిగాడు, రెండవవాడు మన ఊళ్ళలో పెళ్ళివారిని మోశాడు.

ఇక ఆ దారి. స్కాట్లండు వాయవ్య తీరాన ఆపుల్‌క్రాస్ అనే గ్రామానికి కొండ మీదుగా పోయే ఆ దారిని "బ్యాలఖ్ న బా" అంటారు. గేలిక్ భాషలో ఆ మాటకు పశువుల కనుమ అని అర్థం. పూర్వం పశువులను సంతకు తోలుకుపోయిన త్రోవ అది. 1822లో దానిని రోడ్డుగా నిర్మించారు. సముద్రమట్టానికి చేరువలో మొదలై మెలికలు తిరుగుతూ 626 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. కొన్నిచోట్ల ఐదడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకెక్కవలసినంత వాలు. వెడల్పు ఒక బండికి మాత్రమే సరిపోతుంది. ఎదురు బండి వచ్చినప్పుడు తప్పుకోవడానికి అక్కడక్కడ చిన్న జాగాలు వదిలారు. చిత్రం కోసం ఆ జాగాలలో కారు నిలపడం దోషం. అందం కోసం ఇతరుల దారి మూయకూడదన్నది ఈ కళలో మొదటి పాఠం. ఆకాశం తేటగా ఉన్ననాడు కనుమ పైనుండి సముద్రంలోని స్కై ద్వీపం కనిపిస్తుంది.

మొదటి చిత్రం ఆ శిఖరం మీద కార్లు నిలుపుకునే చోట తీసినది. మంచి ఎండ. కారును కడిగి, తుడిచి, మెరుగుపెట్టారు. అంతటితో తృప్తి చెందక, తలుపు మీది సొట్టనూ బోనెట్టు మీది గాట్లనూ ఫోనులోని పరికరంతో చెరిపివేశారు. ఎర్రని కారు, నీలాకాశం, దూరాన ద్వీపం. చక్కని చిత్రం కాదని ఎవరనగలరు? కాని ఆ కారు తన కాళ్ళ మీద ఆ కొండ ఎక్కివచ్చిందో, లారీలో తెచ్చి దింపారో ఆ చిత్రం చెప్పదు. కొండ తెరలా వెనుక నిలబడింది. కారు బొమ్మలా ముందు నిలబడింది. ఆ రెండింటికీ సంబంధమేమిటో తెలియదు.

రెండవ చిత్రం మరునాటి సాయంత్రం, వాన వెలిసిన తరువాత, కొండ దిగిన చోట తీసినది. ఎం.జి.బి. నాలుగడుగుల ఎత్తు మాత్రమే ఉండే కారు. కాబట్టి మిత్రుడు మోకాళ్ళ మీద కూర్చుని తీశారు. ప్రక్కనుండి వాలుతున్న ఎండలో తలుపు మీది సొట్ట స్పష్టంగా కనిపిస్తున్నది. రాళ్ళు ఎగిరి తగిలిన చోట్ల బోనెట్టు అంచున రంగు పోయి చుక్కలు చుక్కలుగా ఉంది. హెడ్‌లైట్ల అద్దాలకు పురుగులు అంటుకున్నాయి. తలుపు తెరిచి ఉంది. డ్రైవరు సీటు తోలు నెరియలు విచ్చింది. స్టీరింగు చక్రం మీద రెండు చేతులు పట్టుకునే రెండు చోట్ల మాత్రం అరిగి నున్నబడింది. కారు వెనుక, తాను దిగివచ్చిన మెలికలు ఒకదానిపై ఒకటిగా కొండ మీద కనిపిస్తున్నాయి. చూపరి దృష్టి ఆ మెలికల నుండి అరిగిన చక్రం మీదికి, చక్రం నుండి తిరిగి మెలికల మీదికి పోతుంది. ఈ దారులే ఆ చక్రాన్ని అరగదీశాయి. ఇక్కడ కొండ తెర కాదు, కారు బొమ్మ కాదు. ఒకటి కారణం, ఒకటి కార్యం.

ఛాయాచిత్రకళలోని మెళకువలన్నీ ఇటువంటి సంబంధాన్ని చూపడానికే పుట్టాయని నా నమ్మకం. నడినెత్తి ఎండ ఉపరితలాన్ని చదును చేస్తుంది. ఉదయ సాయంకాలాల ఏటవాలు ఎండ ప్రతి గాటునూ పలికిస్తుంది. పరుగెత్తే కారును అతివేగపు షట్టరుతో బంధిస్తే చక్రాల చువ్వలు సైతం కదలక నిలిచిపోయి, ఆగి ఉన్న కారులా కనిపిస్తుంది. షట్టరు వేగం తగ్గించి, కారుతోపాటు కెమెరాను త్రిప్పుతూ తీస్తే కారు తేటగా, చక్రాలూ పరిసరాలూ చారలుగా వస్తాయి. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు జాక్ ఆన్రి లార్తీగ్ కుర్రతనంలో ఒక పందెపు కారును ఇలా కెమెరా త్రిప్పుతూ తీశాడు. తెర షట్టరు కదలిక మూలంగా గుండ్రని చక్రం కోలగా మారి ముందుకు వాలింది. దారి ప్రక్కనున్న మనుషులు వెనక్కు వాలారు. లెక్కప్రకారం అది లోపమే. కాని 1963లో న్యూయార్కు ఆధునిక కళా సంగ్రహాలయంలో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగిన తరువాత, వేగమంటే ఏమిటో చూపిన చిత్రంగా అది లోకప్రసిద్ధి పొందింది. ఆ వాలును ఎవరైనా సరిదిద్ది ఉంటే మనకు మిగిలేది మరొక కారు బొమ్మ.

దీనికి విద్యార్థులు చెప్పిన అభ్యంతరం ఒకటి ఉంది. "సార్, పాతదాన్ని అందంగా చూపడంలో తప్పేమిటి? చౌమహల్లాలో నిజాం గారి కారు తళతళలాడుతూ లేదా?" అన్నారు. ఉన్నది. ఆ 1912 నాటి పసుపుపచ్చని రోల్స్ రాయిస్‌ను నేనూ ముచ్చటపడి చూశాను. అది నడిచింది చాలా కొద్ది మైళ్ళేనని ప్రసిద్ధి. ఊరేగింపు కోసం పుట్టిన వాహనం మెరవడం న్యాయమే. దాని చరిత్ర దాని మెరుపులోనే ఉంది. కాని ఎం.జి.బి. చరిత్ర దాని నడకలో ఉంది. నా మిత్రుని కారులో మైళ్ళు లెక్కించే మీటరుకు ఐదంకెలే. లక్ష మైళ్ళు నిండగానే అది మళ్ళీ సున్నాల నుండి మొదలవుతుంది. మీటరు మరిచిపోయిన లక్ష మైళ్ళను గుర్తుంచుకున్నవి ఆ చక్రం, ఆ సీటు, ఆ గాట్లు మాత్రమే. వాటిని చెరిపితే సాక్షిని చెరిపినట్లే.

అయితే శిథిలమైన ప్రతిదాన్నీ పూజించమని నా వాదం కాదు. ఇక్కడ మా నాన్నగారిని గురించి చెప్పక తప్పదు. ఆయన మోటారు మెకానిక్. బస్టాండు వెనుక రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళకు పైగా అంబాసిడర్లు బాగుచేశారు. ఊరంతా ఆయనను "మేస్త్రీ" అనేవారు, మేము "అబ్బా" అనేవాళ్ళం. బేరానికి వచ్చిన పాత కారు తళతళలాడుతుంటే ఆయనకు అనుమానం. ముందుగా తలుపుల క్రింద వ్రేలి గణుపుతో కొట్టి చూసేవారు. లప్పం పెట్టి రంగు వేసిన చోట రేకు మ్రోగదు. "గీత వేరు, తుప్పు వేరు బాబూ. గీత పడితే బండి నడిచినట్టు. తుప్పు పడితే మనం చూడనట్టు" అనేవారు. ఎం.జి.బి. విషయంలోనూ ఇది అక్షరసత్యం. దానికి విడిగా చాసిస్ చట్రం లేదు. బాడీయే బరువు మోస్తుంది. తలుపుల క్రింది భాగం తుప్పు పడితే కోసి, కొత్త రేకు వెల్డింగు చేయవలసిందే. అక్కడ "పాతదనపు అందం" అని ఊరుకోవడం ప్రాణాపాయం. అలాగే కొత్త రంగును కావాలని గీకి పాతదిగా చూపేవారూ లోకంలో ఉన్నారు. అదీ లప్పం పనే. వాడకపు గుర్తు, నిర్లక్ష్యపు గుర్తు, నటన: ఈ మూడింటినీ వేరుపరచి చూడగలిగిన కన్నే ఛాయాచిత్రకారుని కన్ను. మెకానిక్ కన్ను కూడా అదే.

అబ్బా పోయి నాలుగేళ్ళయింది. మా ఇంట ఆయనది పటం కట్టిన చిత్రం ఒక్కటే ఉంది. మా అక్క నికాహ్ నాడు స్టూడియోలో తీయించినది. ఎరువు తెచ్చిన షేర్వాణీ, వెనుక తెర మీద గీసిన పూలతోట. వ్రేళ్ళ గీతలలో ఇంకిన గ్రీజు నలుపు ఎన్ని సబ్బులకూ పోకపోయేసరికి, ఫోటో తీసే ఆయన "చేతులు వెనక్కు పెట్టుకోండి సాయిబుగారూ" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. మేమూ సరేననుకున్నాం. నేడు ఆ పటం ముందు నిలబడితే షేర్వాణీ కనిపిస్తుంది, పూలతోట కనిపిస్తుంది. మమ్మల్ని పెంచిన ఆ చేతులు మాత్రం కనిపించవు. నన్ను ఎం.ఏ. చదివించిన చేతులకు ఒక్క ఛాయాచిత్రం లేదు.

మిత్రుని రెండవ చిత్రంలో అరిగిన స్టీరింగు చక్రాన్ని చూసినప్పుడు నాకు స్ఫురించింది ఇదే. ఇంగ్లండులో ఎవరెవరో అపరిచితులు యాభై ఏళ్ళకు పైగా పట్టుకుని నడిపిన చక్రమది. వారి పేర్లు తెలియవు. కాని వారి చేతులు అక్కడున్నాయి. నేను వెంటనే మిత్రునికి రెండవదే పటం కట్టించుకోమని వ్రాశాను. వీలైతే మొదటిదానిలో చెరిపిన సొట్టను కూడా యథాస్థానంలో ఉంచమన్నాను. "మొదటిది హాలులో, రెండవది నా బల్ల మీద" అని ఆయన జవాబు వ్రాశారు. ఆ మాత్రం రాజీకి నాకు అభ్యంతరం లేదు.

విద్యార్థి మిత్రులారా! నేడు ప్రతివారి చేతిలోనూ కెమెరా ఉంది. ముఖం మీది మచ్చను, గోడ మీది మరకను క్షణంలో మాయం చేసే పరికరమూ అందులోనే ఉంది. స్కాట్లండు కొండలు మీకు అందుబాటులో లేకపోవచ్చు. పాత స్పోర్ట్స్ కారు అంతకంటె లేకపోవచ్చు. కాని మీ ఇంట అమ్మ కుట్టుమిషను ఉంది, నాన్న తోపుడుబండి ఉంది, తాతగారి సైకిలు ఉంది. ఏటవాలు ఎండ అందరికీ ఉచితం. మోకాళ్ళ మీద కూర్చుని తీయండి. ముందుగా వారి అనుమతి అడగండి. కష్టాన్ని ప్రదర్శనకు పెట్టడం కోసం కాక, పనిని గౌరవించడం కోసం తీయండి. చేతులు వెనక్కు పెట్టుకోమని మాత్రం అనకండి.

సంచికా సంఘం పెద్దలకు కూడా ఒక మనవి. మన వార్షిక సంచికలో ఏటా పూలమాలల చిత్రాలు, వేదిక మీది అతిథుల చిత్రాలు, వరుసగా నిలబడిన తరగతుల చిత్రాలు వస్తున్నవి. అవి ఉండవలసినవే. వచ్చే సంచికలో వాటితోపాటు రెండు పేజీలు వాడిన వస్తువులకు, పనిచేసే చేతులకు కేటాయించండి. గ్రంథాలయంలో మూడుసార్లు బైండు చేయించిన ఉర్దూ నిఘంటువు ఉంది. తరతరాల విద్యార్థుల మోచేతులకు నున్నబడిన బల్లలు ఉన్నాయి. ఉదయం అందరికంటె ముందు వచ్చి గదుల తాళాలు తీసే అటెండరు గారి తాళపుచెవుల గుత్తి ఉంది. వీటి చిత్రాలను విద్యార్థులే తీస్తారు. ఎన్నిక చేసే భారం నేను వహిస్తాను. నియమం ఒక్కటే: ఏ గీతనూ చెరపరాదు.