తాత ఖాతా మనవడికా?

చివరి నిజాం మనవడు ముకరం జా మరణంపై మీ వ్యాసంలో ముంబై తెలంగాణ వాడలన్నీ కన్నీరు పెట్టాయని రాశారు. ఫాక్‌లాండ్ రోడ్డులో అలాంటిదేమీ లేదు. 2023 జనవరి 18న హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ దృశ్యాలు టీవీలో వస్తుంటే, మా చాల్‌లో బీడీలు చుట్టే ముసలమ్మ చాట మీంచి తలైనా ఎత్తకుండా ‘ఈయన ఏం ఏలిండు?’ అంది.

ఏలింది లేదు. హైదరాబాద్ సంస్థానం 1948లోనే భారత్‌లో కలిసిపోయింది. ఈయనకు నిజాం బిరుదు దక్కింది 1967లో, తాత ఉస్మాన్ అలీ ఖాన్ పోయాక. 1971లో రాజభరణాలూ రద్దయ్యాయి. ఉస్మానియా యూనివర్సిటీ పుణ్యమైనా, దొరల వెట్టిని సాగనిచ్చిన పాపమైనా తాత ఖాతావే. ఆస్ట్రేలియాలో గొర్రెలు పెంచుకున్న మనవడికి మీరు పుణ్యం రాసిచ్చి, పాపం ఊసే ఎత్తలేదు. మా పెద్దలు పాలమూరు, నల్లగొండ విడిచి ఇక్కడికొచ్చి రాళ్లు మోసింది సరదాకి కాదు.

ఇస్తాంబుల్‌లో పోయిన మనిషిని తెచ్చి హైదరాబాద్ మక్కా మసీదులో, పూర్వీకుల దగ్గర ఖననం చేశారు. మంచిదే, దానికి మా అభ్యంతరం లేదు. ప్రభుత్వ లాంఛనాలు ఎందుకన్నది వేరే సంగతి. మీ విలేఖరి కన్నీళ్లు చూసింది ఏ గల్లీలోనో చెబితే, మేమూ వెళ్లి పలకరించి వస్తాం.

– ఒక చందాదారు, ఫాక్‌లాండ్ రోడ్, ముంబై