రిపోర్టు నార్మల్, కడుపు కాదు

పాకాల మీదుగా కాట్పాడికి పోయే రైల్లో, ఒళ్లో లావుపాటి ఫైలు పెట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే వేలూరు సీఎంసీ ఆసుపత్రికేనని అడక్కుండానే తెలిసిపోతుంది. మొన్న నా ఎదుటి సీటాయన కథ మొదలైంది ఒక పెళ్లి భోజనంతో. నాలుగు రోజులు వాంతులు, భేదులు. అవి తగ్గి ఆరు నెలలైనా కడుపునొప్పి, పరుగులు మాత్రం పోలేదు. "కెమెరాలేసి చూసినారు, ముక్క తీసినారు. ఏంలేదంటారు సార్. ఏంలేకపోతే ఇన్నిసార్లు చెంబెందుకు పట్టుకోవాల?"

న్యాయమైన ప్రశ్నే. ఎండోస్కోపీలో గిల్లి తీసే ముక్క పేగు లోపలి పొరది. పేగును నడిపించే కణాలు ఉండేది దాని అవతల, కండరాల పొరల్లో. స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ 19వ శతాబ్దం చివర్లో వాటిని గుర్తించి, ఒక రకం నాడీకణాలే అనుకున్నాడు. కాదు, అవి పేగుకు పేస్‌మేకర్లని తేలడానికి దాదాపు వందేళ్లు పట్టింది. జీర్ణాశయానికి నిమిషానికి 3 అలలు, చిన్నపేగు మొదట్లో 12 దాకా, ఈ తాళం వేసేది అవే. మేళంలో డోలాయనకు జ్వరమొస్తే సన్నాయి ఎంత బాగున్నా పాట గతి తప్పుతుంది కదా!

ఆ జ్వరమే వాపు. క్రిమి చొరబడగానే రక్షణ కణాలు వదిలే నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి పక్కనున్న ఈ కణాలకూ తగులుతాయి. వాటి అల్లిక పలచబడుతుంది, తాళం తడబడుతుంది. వాపు తగ్గితే మళ్లీ కోలుకోవడం జంతువుల్లో చూశారు. మనుషుల్లో ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, ఈయనకున్నలాంటి జబ్బు) అంతా దీనివల్లేనని ఎవరూ తేల్చలేదు. నరాలు, పేగు క్రిములు, దిగులు, అన్నిటికీ అందులో వాటా ఉంది. కానీ పేగుకు ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఐబీఎస్ మిగిలిపోతుందన్నది గట్టి లెక్కే.

విరేచనాలు మనుషుల్ని నెలలపాటు వదలకపోవడం ఈ సీమకు కొత్త కాదు. 1960ల మొదట్లో ఉత్తర ఆర్కాటు పల్లెల్లో విరేచనాలు ఊళ్లను కమ్మేసి, చాలామందిని నెలల తరబడి చిక్కిపోయేలా చేస్తే సీఎంసీ వైద్యులు బేకర్, మథాన్ వెంటబడి పరిశోధించారు. అది ఐబీఎస్ కాదు, స్ప్రూ అనే వేరే పేగు జబ్బు.

పేగు తాళం తప్పడం కెమెరాకు చిక్కదు, అందుకే "ఏంలేదు" అన్న మాట నాకు గిట్టదు. "కెమెరాకు కనబడేదేం లేదు" అంటే సరిపోదా? మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే భేదులు ఉంటే మాత్రం ఐబీఎస్ అని సరిపెట్టుకోకూడదు. ఆయనకవేవీ లేవు.

"అయితే ఆ కణాలను చూపించే స్కాను వేలూర్లో ఉందా?" అన్నాడు. లేదన్నాను. కాట్పాడి రాగానే ఫైలు చంకన పెట్టుకుని, బాత్రూమ్ ఎటువైపో కనుక్కుంటూ గబగబా దిగిపోయాడు.