చెవికి అందని అక్షరం

శంషాబాదు విమానాశ్రయంలో డిజి యాత్ర అనే సదుపాయం వున్నది. ఇష్టపడి నమోదు చేసుకున్నవారికి ముఖమే అనుమతి చీటీ. కెమెరా గుర్తుపట్టగానే గేటు తెరుచుకుంటుంది. మాది ఆ వూరే కనుక, వచ్చిన చుట్టాలకు ఈ వింత వర్ణించి చెప్పటం నాకు సరదా.

అయితే యంత్రం అడిగినట్టు అందరూ ముఖం చూపగలరా? యాసిడ్ దాడిలో కళ్ళు దెబ్బతిన్న ఒకామె బ్యాంకు ఖాతా కోసం వెళితే, కెమెరా ముందు రెప్పలార్పమన్నారట. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. డిజిటల్ సేవలు అందటం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది.

మా కాలేజీలో చూపులేని విద్యార్థి ఒకడున్నాడు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్టువేరే అతనికి కళ్ళు. మొన్న ఒక ఆఫీసువారి స్కాలర్‌షిప్పు ప్రకటన తెరిస్తే అది నోరు మెదపలేదు. కాగితాన్ని ఫోటో తీసి పెట్టారు మరి! మనకది అక్షరం, సాఫ్టువేరుకు వట్టి బొమ్మ. ఇంకొక ప్రకటన తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వల్లించింది. అది యూనికోడు కాని పాత ఫాంటులో కొట్టిన తెలుగు.

“నాకు తెలుగొచ్చు గదా సార్, ఈ తెలుగెందుకు రావటం లేదు?” అన్నాడు.

నియమాలు లేక కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009లోనే మార్గదర్శకాలు వచ్చాయి. 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. ఐ.ఎస్. 17802 అనే ప్రమాణాన్ని 2023లో నిబంధనల్లో చేర్చారు. ఇటువంటివి సలహాలుగా మిగిలిపోరాదనీ, తప్పనిసరి నియమాలు కావాలనీ సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న చెప్పింది. అందుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయంవారిదే.

మరి లొసుగు ఎక్కడ? సరుకు పుచ్చుకునేచోట. వెబ్‌సైటు కట్టేది కాంట్రాక్టరు. మనం డాబా వేయిస్తే, మేస్త్రీకి ఆఖరు బాకీ చెల్లించేముందు పైన నీళ్ళు పోసి, వాలు సరిగా వున్నదో లేదో చూస్తాం. ప్రభుత్వంవారూ టెండరులోనే షరతు రాసి, బిల్లు మంజూరు చేసేముందు చూపులేని ఒకరిని కూర్చోబెట్టి, మౌసు ముట్టకుండా కీబోర్డుతోనే దరఖాస్తు నింపించి చూడాలి. కట్టేటప్పుడు వాలు పెట్టటం సులువు. కట్టాక పగలగొట్టటమే ఖర్చు.

ఇది ఏ కొద్దిమందికో చేసే దానమనుకోకండి. కళ్ళజోడు వెతుక్కునే తాతగారూ, చేయి వణికే అమ్మమ్మగారూ ఎవరింట లేరు?

పరీక్షకు నిలవని సరుకు తిప్పి పంపటం కాఠిన్యమూ కాదు. కూరల బండి దగ్గర మన ఇల్లాళ్ళు రోజూ చేస్తున్న పనే అది!