చీరల కొట్లో ఎవరు కూర్చోవాలి?

గోడ పత్రికకి ఏదైనా రాయమని మేడమ్ ఫోన్ చేశారు. "డిజైనర్‌వి కదమ్మా, క్రియేటివిటీ గురించి రాయి" అన్నారు. సరేనన్నాను గానీ, ఆ మాట వింటే నాకు కొంచెం భయం. నేను చేసేది యాప్‌లకి తెరలు గీసే పని. ఏ బటన్ ఎక్కడుండాలి, అక్షరం ఎంత పెద్దగా ఉండాలి, రోజంతా ఇదే గొడవ. నేనూ ఒకప్పుడు మీలాగే క్లాసు ఎగ్గొట్టి ఈ గోడ ముందు నిలబడి చదివినదాన్నే. అందుకని పెద్ద మాటలు పక్కన పెట్టి, మనందరికీ తెలిసిన చిక్కపేట గురించి రాస్తాను.

అక్కడ పాత చీరల కొట్టు ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెప్పులు బయట విడవాలి. లోపల నేలంతా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. మనం కూర్చుంటాం. అమ్మే ఆయనా మనకెదురుగా కూర్చుంటాడు. "రాండక్కా, కూచోండి, ధర్మవరం చూపించేదా?" అని మన మొహం చూసే తెలుగు మొదలుపెడతాడు. వెనక అరల్లోంచి కుర్రాడు అందిస్తుంటే, ఈయన ఒక్క విసురుతో చీర విప్పుతాడు. అంచూ కొంగూ వచ్చి మన ఒళ్లో పడతాయి. చిక్కపేట అంటే చిన్న పేట. 1537లో కెంపేగౌడ ఊరు కట్టించినప్పుడు వేసిన వీధుల్లో ఇదొకటి. ఈ కొట్లని ఎవరూ డిజైన్ చెయ్యలేదని అనుకుంటాం. నన్నడిగితే వీటిని డిజైన్ చేసింది చీరే. అయిదారు మీటర్ల గుడ్డ విప్పి చూపించాలంటే బల్ల చాలదు, నేల కావాలి. నేల మీద చూపించాలంటే చూపించేవాడూ కూర్చోవాల్సిందే. అలా ఇద్దరికీ కూర్చునే చోటు దొరికింది.

తర్వాత అంతస్తుల షోరూంలు వచ్చాయి. ఏసీ, అద్దాలు, పొడుగాటి గాజు బల్ల. ఇటువైపు మనకి మెత్తటి స్టూళ్లు, అటువైపు అమ్మాయిలు నిలబడి ఉంటారు.

మా అమ్మ అలాంటి ఒక చోట ఆరేళ్లు పనిచేసింది. కొట్టు పేరు ఇక్కడ అనవసరం. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి ఎనిమిదిన్నర. మధ్యలో అన్నానికి అరగంట. గిరాకీ లేని మధ్యాహ్నం కూడా కూర్చోకూడదు, సూపర్‌వైజర్ చూస్తాడు. పండగ రోజుల్లో బాత్రూంకి వెళ్లాలన్నా ఎవరో ఒకరు తన చోటులో నిలబడాలి, అందుకని నీళ్లే తక్కువ తాగేది. ఇంటికొచ్చాక గోడకి కాళ్లు ఆనించి పడుకునేది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి కనిపించేవి. నేను పక్కనే కూర్చుని ఛందస్సుకి గురులఘువులు గుర్తించుకుంటూ ఉండేదాన్ని. అమ్మ కాళ్లకీ ఆ గాజు బల్లకీ సంబంధం ఉందని అప్పట్లో తోచలేదు.

ఉద్యోగంలో చేరాక "యూజర్ ఎక్స్‌పీరియన్స్" అనే మాట నేర్చుకున్నాను. వాడేవాళ్లకి ఎలా అనిపిస్తోంది అని చూడడం. డొనాల్డ్ నార్మన్ 1988లో రాసిన పుస్తకం మా వాళ్లందరూ చదువుతారు. తలుపు తొయ్యాలో లాగాలో తెలియక మీరు తికమకపడితే తప్పు మీది కాదు, తలుపుది అంటాడాయన. చదివినప్పుడు భలే అనిపించింది. కానీ ఆ తలుపు తీసిపట్టుకుని రోజంతా నిలబడే మనిషిని మా మీటింగుల్లో ఎవరూ యూజర్ అనరు.

నేనూ అనలేదు. ఒక చీరల షాపుకి, కౌంటర్లో వాడే ట్యాబ్ కోసం తెరలు గీశాను. రంగు నొక్కితే అదే డిజైన్‌లో ఉన్న చీరలన్నీ వస్తాయి, కొనేవాళ్లకి సులువు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. షాపులో చూపించినప్పుడు బల్లకి అటువైపున్న అమ్మాయి, మీ వయసే ఉంటుంది, మెల్లిగా అడిగింది: "చీర విప్పడానికి రెండు చేతులూ కావాలి మేడమ్. ఇదెక్కడ పెట్టేది?" నా దగ్గర జవాబు లేదు. పదకొండు వారాలు పనిచేసి, చీర విప్పే మనిషికి చేతులు రెండే అన్న సంగతి మర్చిపోయాను. అదీ మా అమ్మకి పుట్టిన నేను.

ఈ విషయంలో నిజమైన డిజైనర్లు కోళికోడ్‌లో ఉన్నారు. అక్కడి మిఠాయి తెరువు బజారు మన చిక్కపేట లాంటిదే. దర్జీ పనిచేసే విజి అనే ఆవిడ, తోటి ఆడవాళ్లతో కలిసి "పెణ్‌కూట్టు" అని సంఘం పెట్టింది. ముందు అడిగింది బాత్రూం, ఆ తర్వాత కూర్చునే హక్కు. కుర్చీ అడగడం ఏమిటని నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టం సవరించి, కూర్చునే వీలు కల్పించాలని రాసింది. 2021లో తమిళనాడూ అదే పని చేసింది. ఒక స్టూలు వేయించడానికి చట్టసభ దాకా వెళ్లాల్సి వచ్చింది చూడండి.

యజమానులు చెప్పే మాట ఒకటుంది: అమ్మాయి కూర్చుని ఉంటే గిరాకీ రాదు, పొగరనుకుంటారు. అనుకునేది ఎవరు? మనమే. బ్యాంకులో గుమస్తా కూర్చుంటే ఏమీ అనిపించదు. చీరల కౌంటర్లో అమ్మాయి కూర్చుంటే మాత్రం "ఏమ్మా, చూపించవా?" అని గొంతు పెంచుతాం. నలభై చీరలు విప్పించి, "మళ్లీ వస్తాం" అని లేచిపోతాం. (నేనూ చేశాను, అమ్మ తిట్టింది.) ఎవరు కూర్చోవాలన్నది గాజు బల్ల తెచ్చినవాడు ఎంత నిర్ణయించాడో, అటువైపు చూసే మన చూపు కూడా అంతే నిర్ణయించింది.

పాతదంతా గొప్పదని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఆ పరుపు కొట్లలో అమ్మేది దాదాపు మగవాళ్లే, ఆడవాళ్లకి అక్కడ ఉద్యోగమే లేదు. అమ్మకి ఆరేళ్లు జీతం ఇచ్చింది షోరూమే. ఆ జీతంతోనే నేను మన కాలేజీలో చదివాను.

పోయిన దసరాకి అమ్మని చిక్కపేట తీసుకెళ్లాను. మెట్రో దిగి, సందులోకి తిరిగి, పాత కొట్టుకే వెళ్దామంది. తీరా వెళ్లాక తెల్ల దుప్పటి ముందు ఆగిపోయింది. మోకాళ్లు వంగడం లేదు, కిందికి కూర్చోలేదు. అమ్మే ఆయన ఒక నిమిషం చూసి, లోపలికి కేకేశాడు. కుర్రాడు ప్లాస్టిక్ స్టూలొకటి తెచ్చి, దాని మీద దుప్పటి మడిచి వేశాడు. అమ్మ కూర్చుంది. ఆయన కింద పరుపు మీదే ఉండి, చీర విసరకుండా రెండు చేతుల్తో పైకెత్తి, అమ్మ ఒళ్లో పరిచాడు.

"నువ్వు కూడా కూచోవే" అంది అమ్మ నాతో. ఇంకా నిలబడే ఉన్నాను.